పెదనాన్నది కాని తూటా

మధ్యాహ్నం పన్నెండున్నరకి మా వార్డులో ఫినాయిలు వాసన తప్ప ఇంకో వాసన ఉండదు. నిన్న మాత్రం ఆరో నంబరు మంచం దగ్గర ఒకమ్మాయి స్టీలు క్యారియర్ మూత తీసేసరికి, ఎండు మామిడి ఒరుగులు వేసి కాచిన చేపల పులుసు వాసన గది చివరిదాకా వచ్చింది. మందుల ట్రేతో అటు వెళుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆ మంచం మీదున్న మామ్మగారిది ఐ.పోలవరం. జ్వరం తగ్గి రెండు రోజులైనా ఆవిడ ఏమీ ముట్టుకోవడం లేదు. ఇడ్లీ పెడితే తల తిప్పేసేవారు, జావ ఇస్తే పెదవులు బిగించేసేవారు. మొన్న సాయంత్రం స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "ఇంటి దగ్గర ఏం తింటారండీ?" అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, మెల్లగా ఈ పులుసు సంగతి చెప్పారు. కారం తగ్గించి కొంచెం పెట్టొచ్చని డాక్టరుగారు ఒప్పుకున్నాక, కూతురు పొద్దున్నే వండుకుని బస్సెక్కి అమలాపురం తెచ్చింది.

తోటి నర్సులు ఆ ప్రశ్నకి నా పేరు పెట్టేశారు. ఎవరైనా తిననని మొండికేస్తే "జ్యోతిని పిలవండి, దాని ప్రశ్న అడుగుతుంది" అంటారు. అలా అన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. అది నేను కనిపెట్టింది కాదు. మా మిలటరీ పెదనాన్న దగ్గర నేర్చుకున్నది. ఆయన పెట్టిన తిండితో పాటు, ఆయనకి నేను చేసిన అన్యాయం కూడా ఆ పులుసు వాసనకే గుర్తొస్తుంది.

మామిడికుదురు దాటి కాలవ గట్టు వెంట కాస్త దూరం వెళితే మా పేట. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ లేదు, నాలుగు మందార మొక్కలుండేవి. ఆయన పేరు యేసురత్నం. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న దోహాలో డ్రైవరుగా ఉండి రెండేళ్ళకోసారి వచ్చేవాడు కాబట్టి, సైకిలు తొక్కడం, కాలవలో ఈదడం, గడియారం చూడటం అన్నీ నాకు ఈయనే నేర్పారు. సైన్యంలో చేసి రిటైరై ఊరొచ్చేశారు. పిల్లల్లేరు. భార్య కరుణమ్మని నేను దొడ్డమ్మ అనేదాన్ని. మిలటరీ అనగానే మీరు మెలితిప్పిన మీసాలూ, అదిరిపోయే గొంతూ ఊహించుకుంటారేమో, ఆయనకి రెండూ లేవు. సన్నగా ఉండేవారు. మెల్లగా మాట్లాడేవారు. ఎడమ చేతికి ఉంగరపు వేలూ, చిటికెన వేలూ లేవు. ఆ మిగిలిన మూడు వేళ్ళతోనే చేపని జారిపోకుండా పట్టుకుని తోమేవారు.

మా చర్చిలో ప్రేమవిందు జరిగినా, పేటలో పెళ్ళి జరిగినా పొయ్యి దగ్గర ఆయనే. గుండిగ దించాక ఊరికే కూర్చునేవారు కాదు. భుజాన తువ్వాలు వేసుకుని, తినేవాళ్ళ మొహాలు చూస్తూ వరసల మధ్య తిరిగేవారు. ఎవరు మెతుకులు కెలుకుతూ కూర్చున్నారో దూరం నుంచే పట్టేసేవారు. వాళ్ళ పక్కన గొంతుకు కూర్చుని ఏదో అడిగేవారు. కాసేపటికి పచ్చడో పెరుగో వచ్చేది, వాళ్ళ విస్తరి ఖాళీ అయ్యేది. అందరూ లేచాక ఆఖర్న, పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి తినేవారు. కూర్చోవచ్చు కదా అని దొడ్డమ్మ ఎంత పోరినా ఆ అలవాటు పోలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయింది కానీ నోరు చచ్చిపోయింది. "ఏం తింటావే తల్లీ" అని అమ్మ ఏడుపు మొహంతో అడిగేది, ఏమీ వద్దనేదాన్ని. మూడో రోజు పెదనాన్న వచ్చి మంచం కోడు పక్కన చతికిలబడి, నన్నెప్పుడూ చూడనట్టు, "అమ్మలూ, మీ ఇంట్లో ఏం తింటారు?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఏం వండినా మందారాల మీంచి సగం ఆయనింటికే వెళ్ళేది. అయినా చెప్పడం మొదలుపెట్టాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఏం వండుతారో, అమ్మమ్మ వస్తే ఏం వండుతారో చెబుతూ ఒరుగులేసిన చేపల పులుసు దగ్గరికి వచ్చేసరికి నోట్లో నీళ్ళూరాయి. ఆయన అమ్మ వైపు తిరిగి, "ఏం తింటావు అనడిగితే వద్దంటారమ్మా. ఇంటి తిండి గురించి చెప్పించాల. చెప్పడం మొదలెట్టేరంటే ఆకలి దార్లో ఉన్నట్టే" అన్నారు. ఆ మాట ఆయనకి ఎక్కడిదో అప్పుడు నేను అడగలేదు. పులుసన్నం తిని నిద్రపోయాను.

ఇక నేను చేసిన ఘనకార్యం. పదో తరగతిలో ఉండగా, మా బడిలో ఆగస్టు పదిహేనుకి పెదనాన్నకి శాలువా కప్పాలని అనుకున్నారు. ఆయన గురించి అయిదు నిమిషాలు మాట్లాడే పని తెలుగు మాస్టారు నాకు అప్పగించారు. అంతకు ముందే వక్తృత్వ పోటీలో బహుమతి కొట్టి ఉన్నాను. చప్పట్లంటే నాకప్పట్లో పిచ్చి. మైకు దొరికితే చాలు, నేల మీద నడిచేదాన్ని కాదు.

నోటు పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కొబ్బరి కోరుతున్నారు. ఏ యుద్ధంలో చేశారు, ఎంతమంది శత్రువుల్ని ఎదిరించారు అని వరసగా అడిగాను. కోరడం ఆపకుండానే, "వంట చేసేనమ్మలూ" అన్నారు.

తమాషాకి అంటున్నారనుకున్నాను. ఆయన చెప్పుకుంటూ పోయారు. ఎక్కడో మంచు కొండ మీద, ఎండాకాలం అన్నదే ఎరగని చోట, వంట గుడారంలో పని. అక్కడ బంగాళాదుంపలు రాళ్ళయిపోతాయట, సుత్తితో పగలగొట్టాలట. కుక్కర్ లేకపోతే ఎంతసేపు ఉడికించినా అన్నం పలుకేనట. అన్నిటికంటే కష్టం ఏమిటంటే, ఆ ఎత్తున మనిషికి ఆకలి వేయదట. తినకపోతే రెండో వారానికి మనిషి నిలబడలేడు. ఏ రాష్ట్రం వాడికి ఏది వండితే ముద్ద దిగుతుందో కనుక్కుని తినిపించడమే తన డ్యూటీ అని చెప్పారు. నేను ఓపిగ్గా విన్నాను, యుద్ధం ఎప్పుడొస్తుందా అని. అది రాలేదు. ఆఖరికి ఆ రెండు వేళ్ళ సంగతి అడిగాను. "కిరసనాయిలమ్మా" అన్నారు. పుస్తకం మూసేశాను. కిరసనాయిలుకి వేళ్ళెలా పోతాయో అడగాలని కూడా నాకు తోచలేదు. ఆ రోజు ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. వంట చేశారు అని మైకులో చెబితే వెనక బెంచీ వాళ్ళు నవ్వుతారు. ఆయన పరువు పోతుంది. ఇది ఆయన మీద ప్రేమతోనే అనుకున్నానని ఒట్టేసి చెప్పగలను. కానీ అందులో నా చప్పట్ల ఆశ కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆగస్టు పదిహేను పొద్దున షామియానా కింద నిలబడి, శత్రువు తూటా దూసుకొచ్చి యేసురత్నంగారి రెండు వేళ్ళనూ ఎగరేసుకుపోయిందనీ, రక్తమోడుతున్న చేత్తోనే ఆయన జెండాని నిలబెట్టారనీ గొంతు వణికిస్తూ చెప్పాను. ఆ కొండ మీద జెండా ఎందుకుందో నాకే తెలియదు. బడంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. నేను గర్వంగా పెదనాన్న వైపు చూశాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి, ఎడమ చేతిని కుడి చేత్తో కప్పేసుకుని, నేల చూస్తున్నారు. శాలువా కప్పినప్పుడు కూడా ఆ చెయ్యి బయటికి తీయలేదు.

ఆ తరవాత వారం రోజులూ ఆయనకి వీధిలో నడవడం కష్టమైపోయింది. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు లేచి సెల్యూట్ కొట్టేవారు. తూటా ఎటు నుంచి వచ్చిందని అడిగేవారు. తూటా కాదండీ బాబూ, నేను వంటవాణ్ణి అని ఆయన దండం పెట్టి మరీ చెప్పేవారు. దానికి జనం తలలూపి, చూశారా ఎంత అణకువో, నిజమైన వీరులు ఇలాగే చెప్పుకోరు అనేవారు. ఎంత కాదంటే అంత పెద్దవారైపోయారు పాపం. నేను కట్టిన కథని విప్పడం ఆయన వల్ల కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను కాలవ రేవుకి పిలిచారు. మెట్ల మీద చేపలు తోముకుంటూ కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. బీరేన్ అని ఒక కుర్రాడి గురించి చెప్పడం మొదలుపెట్టారు. అస్సాం వాడు, ఇరవై రెండేళ్ళు. కొండ మీదికి వచ్చిన కొత్తలో నాలుగు రోజులు ఏమీ తినలేదట. ఇంట్లో ఏం తింటారురా అని అడిగితే, మా ఊరు నది ఒడ్డునే, చేపలూ అన్నమూ, పుల్లగా చేసుకుంటాం అన్నాడట. అచ్చం మనలాగేనమ్మలూ అని పెదనాన్న అక్కడ ఒకసారి నవ్వారు. దొడ్డమ్మ ఏటా వేసవిలో మామిడి ఒరుగులు ఎండబెట్టి పార్శిలు పంపేది. డబ్బా చేపల్లో అవి వేసి పులుసు కాస్తే, ఆ కుర్రాడు గిన్నె నాకేసి తన వాళ్ళ భాషలో ఏదో పాట పాడాడట. అప్పట్నుంచి దొడ్డమ్మ పంపిన ఒరుగుల్లో సగం వాడివే.

ఒకరోజు ఎనిమిదిమంది గస్తీకి వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా రావాలి. వచ్చేసరికి వేణ్ణీళ్ళూ, పులుసూ సిద్ధంగా ఉండాలి. గాలికి స్టవ్ మాటిమాటికీ ఆరిపోతోంది, రంధ్రంలో మసి అడ్డుపడుతోంది. పిన్నుతో తీయాలంటే చేతి తొడుగులు తీసేయాలి. ఆ చలికి నీళ్ళు గడ్డకడతాయి కానీ కిరసనాయిలు గడ్డకట్టదట. మంచుకంటే చల్లగా, మామూలుగానే పారుతూ ఉంటుందట. అది ఎడమ చేతి మీద ఒలికింది. తుడుచుకుని మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఒలికింది. చేతికి స్పర్శ పోయిందని తెలుస్తున్నా, వాళ్ళొచ్చేసరికి వేడి ఉండదేమోనని ఆపలేదు. ఆ రెండు వేళ్ళూ అక్కడే చచ్చుబడ్డాయి. సాయంత్రానికి గస్తీ వాళ్ళు వచ్చారు. బీరేన్‌ని మోసుకొచ్చారు. కొండ మీద వెచ్చగా ఉండేది వంట గుడారం ఒక్కటే కాబట్టి అక్కడే పడుకోబెట్టారు. పులుసు వేడిగానే ఉంది. వాడు తాగలేకపోయాడు.

పెదనాన్న చేపని నీళ్ళలో జాడించి పక్కన పెట్టారు. అప్పుడు నా వైపు తిరిగి అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వేళ్ళు నావేనమ్మలూ. తూటా నాది కాదు. అది వాడిది. వాడి దగ్గర్నుంచి తీసి నాకిచ్చేసేవు. నేనెంత కాదన్నా ఎవరూ నమ్మట్లేదు. నువ్వు చెప్పింది నువ్వే వెనక్కి తీసుకోవాల."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. వచ్చే ఆగస్టు పదిహేనుకి అదే మైకులో నిజం చెబుతానని మాటిచ్చాను. సరేనన్నట్టు "ఆయ్" అని, చేపల గిన్నె నా చేతికిచ్చి లేచారు.

చెప్పలేదు. మరుసటేడాది ఇంటర్ చదువుకి అమలాపురం వెళ్ళిపోయాను. ఆ పై ఏడాది పరీక్షలని, ఆ తరవాత నర్సింగ్ కాలేజీలో సెలవివ్వలేదని, ఏదో ఒకటి. సెలవు దొరికిన ఏళ్ళలో కూడా సరిగ్గా ఆ రోజుకి ఊళ్ళో లేకుండా చూసుకున్నాను. అబద్ధం చెప్పానని ఊరందరి ముందూ ఒప్పుకోవడమంటే నాకు అంత భయం. ఆయన ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఇంటికి వెళ్ళినప్పుడల్లా పులుసు కాచేవారు, నా ఉద్యోగం గురించి అడిగేవారు. ఆస్పత్రిలో ఒక పెద్దాయన తిననంటే మీ ప్రశ్న అడిగాను, పనిచేసింది అని చెప్పినప్పుడు ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. ఆ పెద్దాయనది ఏ ఊరు, ఏం తిన్నాడు, ఎన్ని ముద్దలు తిన్నాడు, అన్నీ అడిగారు. ఆ సంతోషం చూస్తుంటే నాకు లోపల గుచ్చుకునేది. కోప్పడి ఉంటే హాయిగా ఉండేది.

రెండేళ్ళ కిందట జూలైలో దొడ్డమ్మ ఫోన్ చేసింది. పెదనాన్నకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందని నాకు తెలుసు. మందులు నేనే పంపుతున్నాను. ఆవిడ మాట్లాడింది దాని గురించి కాదు. బడికి కొత్త ముఖద్వారం కడుతున్నారట. దాని మీద పెదనాన్న పేరుతో నల్లరాయి పెడుతున్నారు, ఆగస్టు పదిహేనున తెర తీస్తారు. "ఏం రాయించేరో వచ్చి చూడు తల్లీ. మీ పెదనాన్న నాలుగు రోజుల్నుంచి ముద్ద ముట్టట్లేదు" అంది.

వెళ్ళి చూశాను. శత్రువు తూటాకి రెండు వేళ్ళు అర్పించిన వీరుడు అని, నా పదో తరగతి వాక్యమే, రాతి మీద బంగారు రంగు అక్షరాల్లో. అక్కడి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, మనిషి సగమైపోయారు. ఇంట్లో ఏం తింటారండీ పెదనాన్నగారూ అని ఆయన ప్రశ్నే ఆయన్ని అడిగాను. నవ్వారు. ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నారు.

"మనుషులు చెప్పుకునే మాట కొన్నాళ్ళకి పోద్దిలే అనుకున్నానమ్మలూ. రాయి పోదు కదా. నేను పోయేక, అది వాడిదని చెప్పడానికి ఎవరున్నారు?"

నేనున్నాను అందామనుకున్నాను. పదమూడేళ్ళుగా నేనున్నాను మరి, ఏం చేశాను?

ఆ సాయంత్రమే సర్పంచ్‌గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన మంచివాడు. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, అంతా విన్నారు. రాయి చెక్కడం అయిపోయిందనీ, ఇప్పుడు వంటవాడు అని మార్పిస్తే పెద్దాయన గౌరవం తగ్గించినట్టవుతుందనీ, ఆ మాటల వల్ల ఎవరికీ నష్టం లేదు కదా అనీ అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. పదో తరగతిలో నేను అనుకున్నదీ అదే కదా. పూర్వ విద్యార్థినిగా ఆ రోజు నాలుగు మాటలు మాట్లాడమని ఆయనే అడిగారు. తప్పకుండా మాట్లాడతానని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు పదిహేనున పెదనాన్నని ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. అంత ఉక్కలోనూ దొడ్డమ్మ ఆయన భుజాల చుట్టూ దుప్పటి కప్పింది. రాయి మీద పసుపు గుడ్డ ఉంది. నన్ను పిలిచినప్పుడు వెళ్ళి మైకు పట్టుకున్నాను.

"ఇదే బడిలో, పదో తరగతిలో ఉన్నప్పుడు నేనొక అబద్ధం చెప్పాను. పెదనాన్నగారికి తూటా తగల్లేదు. ఆయన సైన్యంలో వంట చేశారు" అన్నాను.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వంటా, అని ఎవరో పైకే అన్నారు. నేను ఆగలేదు. స్టవ్ సంగతి చెప్పాను, తొడుగులు తీసిన సంగతి చెప్పాను. ఎనిమిదిమంది వేడిగా తాగాలని ఆ రెండు వేళ్ళూ పోయాయని చెప్పాను. తూటా బీరేన్ అనే కుర్రాడిదని, ఆయన ఇన్నేళ్ళూ ఎంత చెప్పినా మనం నమ్మలేదని, అందుకు కారణం నేనని చెప్పాను. దేశం కోసం పోయిన ప్రాణం ఒకటైతే, దానికి దక్కాల్సిన దండాలన్నీ ఇంకొకరికి పెట్టించానని చెప్పాను. ఇంకా ఏవో అన్నాను, ఏడుపు అడ్డమొచ్చింది. చప్పట్లు లేవు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ లేచింది. బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండే మనిషి. "ఆ కుర్రాడి పేరు మళ్ళీ చెప్పమ్మా, సరిగ్గా వినపళ్ళేదు" అంది.

"బీరేన్" అన్నాను. ఆవిడ ఆ పేరుని రెండుసార్లు నోట్లో అనుకుని, పైట కొంగు భుజాల మీదికి లాక్కుని, రెండు చేతులూ జోడించింది. ఒకరి తరవాత ఒకరు లేచి నిలబడ్డారు. నేను పెదనాన్నని చూశాను. ఆయన దుప్పటిలోంచి ఆ మూడు వేళ్ళ చెయ్యి బయటికి తీసి, అందరికీ కనిపించేలా ఒళ్ళో పెట్టుకున్నారు. నా వైపు చూసి "ఆయ్" అన్నారు. వినపడలేదు కానీ పెదవుల కదలిక తెలిసింది.

సర్పంచ్‌గారు ఆ పూట గుడ్డ తీయలేదు. రెండు రోజుల తరవాత కాగితం, పెన్నూ పట్టుకుని తనే పెదనాన్న ఇంటికి వచ్చి, ఏం రాయించమంటారో చెప్పండి అన్నారు. పెదనాన్న చెప్పింది చాలా చిన్నది. పైన బీరేన్ పేరు, తిరిగి రాలేదు అన్న మాట. కింద తన పేరు, వంట చేసేను అన్న మాట. రాత భాషలో ఉండాలి కదా అని సర్పంచ్‌గారు 'చేసేను' కొట్టేసి 'చేశారు' అని దిద్దుకున్నారు. ఇప్పుడు మా బడి ముఖద్వారం మీద ఉన్న రాయి అదే. దొడ్డమ్మ పేరు కూడా ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది. ఆ ఒరుగులు ఎండబెట్టిన ఎండలెన్నో, ఒక్కత్తే గడిపిన ఏళ్ళెన్నో ఎవరికి తెలుసు? ఆ మాట ఆవిడతో అంటే, నాకెందుకమ్మా రాయి అని కొట్టిపారేసింది.

జెండా పండగ నుంచి ఇంటికి రాగానే ఆ మధ్యాహ్నం పులుసు నేను కాచాను. వడ్డించే వేళకి వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. దొడ్డమ్మ అలవాటుగా ఆయన పళ్ళెం పక్కన పెట్టేసింది, అందరూ తిన్నాక ఇవ్వచ్చని. ఆయన చెయ్యి చాపి, ఇటివ్వు అన్నారు. మా అందరికంటే ముందు తిన్నారు. మెల్లగా, మెతుకు మిగల్చకుండా తిని, వేలు నాకి, "ఉప్పు తక్కువైందమ్మలూ" అన్నారు. అంత మంచి మాట నాతో ఇంకెవరూ అనలేదు.

ఆ ఏడు క్రిస్మస్ ఆయన చూడలేదు. సమాధుల తోటకి తీసుకెళ్ళిన రోజు, పేటలో ప్రతి ఇంటి నుంచీ వచ్చారు. ఎవరూ తూటా మాటెత్తలేదు. మా పెళ్ళికి ఆయనే వండారండీ, మా అమ్మాయి బాలింతరాలిగా ఉన్నప్పుడు ఆయనే పథ్యం చెప్పారండీ అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను వింటూ నిలబడ్డాను. మేమంతా ఆయన చేతి తిండి తిన్నవాళ్ళమే. పదో తరగతిలో మైకు ముందు నిలబడినప్పుడు కూడా ఆ తిండి నా కడుపులోనే ఉంది. అది చాలదనుకుని ఎక్కడినుంచో తూటా వెతికి తెచ్చాను.

నిన్న మామ్మగారు పులుసన్నం నాలుగు ముద్దలు తిని, అయిదోదానికి ముందు ఆగారు. ఆవిడ పెద్ద కళ్ళద్దాల్లోంచి నన్ను పరకాయించి చూస్తూ, "ఏం తింటావని అందరూ అడుగుతారమ్మా. ఇలా అడగడం నీకెవరు నేర్పేరు?" అన్నారు.

వార్డు నిండా జనం. అటు మందులిచ్చే అబ్బాయి, ఇటు చూడ్డానికి వచ్చినవాళ్ళు. మునుపైతే మా ఊళ్ళో ఒక మిలటరీ ఆయన అని చెప్పి ఊరుకునేదాన్ని. నిన్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మా పెదనాన్నగారండీ. సైన్యంలో వంట చేశారు" అన్నాను. వేళ్ళెలా పోయాయో చెప్పాను. తూటా ఎవరిదో, ఆ కుర్రాడి పేరేమిటో, వాడు ఏ పులుసు తిని పాట పాడాడో కూడా చెప్పాను.

ఆవిడ తన కంచంలోకి చూసుకున్నారు. "ఇదేనా?" అని అడిగారు.

"ఇదేనండి."

"ఆయ్" అని, మామ్మగారు అయిదో ముద్దకి నోరు తెరిచారు.